కాణిపాకంలో రనౌట్

ఇరవై రెండేళ్లుగా నగరిలో మా మగ్గాల వీధి క్రికెట్ టోర్నమెంటుకు నేనే అంపైరును. పేరు కోదండం. పవర్‌లూమ్ మీద గుడ్డ నేసుకుని బతికేవాణ్ణి. వేల పోగుల్లో ఒక్కటి తెగినా మగ్గం ఆపకముందే నా కంట పడుతుంది. ఈ కండ్లను చూసే నన్ను అంపైరుగా పెట్టుకున్నారు గానీ, నాకేదో ఆట వచ్చని కాదు. బ్యాటు పట్టుకుంటే మొదటి బంతికే అవుటయ్యే రకం నేను.

నా మేనల్లుడు కిరణ్ మా ఊరి జట్టులో ఆడతాడు. అయినా బయటి జట్ల వాళ్లు ఎప్పుడూ అభ్యంతరం పెట్టలేదు. "కోదండన్న నిలబడితే సాలు" అనేవాళ్లు. మా వైపు ఏ గొడవైనా ముదిరితే చివరికి తేలేది కాణిపాకంలో. స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే ఇక దాని మీద మాట ఉండదు. అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ణి ఆ స్వామి వదలడని మా నమ్మకం. ఇన్నేళ్లలో నా నిర్ణయం ఒక్కటి కూడా అంతదూరం పోలేదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

ఈ ఏడాది కమిటీ పెద్ద మునీంద్ర తిరుపతి నుంచి కెమెరా వాళ్లను పిలిపించాడు. ఆటంతా ఫోన్లలో లైవు. షామియానా కింద పెద్ద టీవీ. అంపైరు చెప్పింది నచ్చకపోతే ఒక్కో జట్టు ఒక్కసారి రివ్యూ అడగొచ్చు, టీవీలో మళ్లీ చూసి నిర్ణయం మార్చొచ్చు. మైదానంలో తాగే నీళ్లకు దిక్కులేదు గానీ టీవీ రివ్యూ అట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది అన్నాను. మునీంద్ర నవ్వి ఊరుకున్నాడు.

ఫైనల్ పుత్తూరు జట్టుతో. మా వాళ్లది చివరి వికెట్టు. నాలుగు బంతుల్లో మూడు పరుగులు కావాలి. కిరణ్ బంతిని పక్కకు నెట్టి నా వైపు పరిగెత్తాడు. నేను జరిగి, సున్నం గీతకు సమంగా నిలబడి, వంగి చూశాను. బ్యాటు గీత దాటింది. ఆ తర్వాతే వికెట్లు పడ్డాయి. నాటౌట్ అన్నాను.

పుత్తూరు కెప్టెన్ ధనంజయ వెంటనే రివ్యూ అడిగాడు. ఆ కెమెరా గీతకు సమంగా లేదు. నా వెనక షామియానా గుంజకు, ఎత్తులో, ఏటవాలుగా కట్టారు. టీవీలో మాత్రం వికెట్లు పడేసరికి బ్యాటు ఇంకా గీత దాటనట్టు కనిపించింది. మునీంద్ర మైకులో "అవుట్" అన్నాడు. పుత్తూరు గెలిచింది.

"మునీంద్రా, కెమెరా వంకరగా ఉండాదప్పా. ఆడ్నించి గీత యాడ సరిగ్గా కనపడతాది?" అని అడిగాను.

"కెమెరాకు మేనల్లుళ్లు ఉండరు గదన్నా!" అన్నాడు.

మైదానమంతా నవ్వింది. మైకు ఇంకా ఆపలేదు మరి.

రెండో రోజుకల్లా ఆ వీడియో ముక్క 'మేనమామ అంపైరింగ్' అనే పేరుతో ఊరందరి ఫోన్లలోకి చేరింది. టీ కొట్టు దగ్గర నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్లు. నేను నిలబడితే వచ్చే ఏడాది ఆడబోమని ధనంజయ కబురు పెట్టాడు. మునీంద్ర ఇంటికొచ్చి, "ఇంక నువ్వు తప్పుకో అన్నా, గౌరవంగా ఉంటాది" అన్నాడు. గౌరవం అనే మాట వినేసరికి నాకు ఒళ్లు మండింది.

"శుక్రవారం కాణిపాకం పోదాం రా. నేను సూసిందే సెప్పినానని ప్రమాణం జేస్తా. ధనంజయను గూడా రమ్మను. నేను ప్రమాణం జేస్తే మళ్లా నన్నే నిలబెట్టాల."

మునీంద్ర సరేనన్నాడు. ధనంజయా ఒప్పుకున్నాడు. కిరణ్ నా చేతులు పట్టుకుని, "జెయ్ మామా. నన్ను గూడా దొంగ అంటా ఉండారు" అన్నాడు. వాడి కండ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యలో నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ నేను ఊరికే ఉండాల్సింది. కానీ ఫోను పట్టుకున్నాను. బ్యాటు గీత దాటినట్టు కనిపించే క్షణం ఒక్కటి దొరికితే మునీంద్ర ముఖాన కొట్టాలని నా ఆరాటం. మగ్గం పక్కన కూర్చుని ఆపాను, వెనక్కి జరిపాను, వేళ్లతో లాగి పెద్దది చేశాను. వందల సార్లు చూసుంటాను. మూరెడు గుడ్డ తెగిన పోగులతోనే నేసుకుపోయింది, అదీ గమనించలేదు.

"ఏమయ్యా, నీ కండ్లతో సూసినదానికి ఆ ఫోను సాచ్చెం ఎందుకు? పక్కన బెట్టు దాన్ని" అంది నా భార్య ప్రసూనాంబ.

నీకేం తెలుసు క్రికెట్ అని కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శుక్రవారం నలుగురం చిత్తూరు మీదుగా కాణిపాకం చేరాం. స్నానం చేసి, నీళ్లు కారుతున్న పంచెతో స్వామి ముందు నిలబడ్డాను. చెప్పాల్సింది ఒక్క ముక్క. బ్యాటు గీత దాటడం నా కండ్లారా చూశాను, అంతే. చెప్పేముందు ఒక్కసారి మనసులో చూసుకుందామని కండ్లు మూశాను.

కిరణ్ పరిగెత్తుకొచ్చాడు. వికెట్లు పడ్డాయి. అంతా పైనుంచి, ఏటవాలుగా కనిపిస్తోంది. ముందుకు వంగి నిలబడిన ఒక మనిషి వీపు కూడా కనిపిస్తోంది. చెమటకు చొక్కా అంటుకుపోయి ఉంది. అది నా వీపే. నేను చూసినదాంట్లో నా వీపెట్లా ఉంటుంది?

కండ్లు తెరిచి మళ్లీ మూశాను. నేను నిలబడ్డ చోటు నుంచి చూసిన ఆ గీత కోసం, ఆ బ్యాటు కోసం వెతికాను. ఎంత వెతికినా ఫోనులో బొమ్మే వచ్చింది.

"సెప్పన్నా" అన్నాడు మునీంద్ర.

"సెప్పు మామా. సూసినావు గదా?" అన్నాడు కిరణ్.

"సూసినాను రా. ఏం సూసినానో ఇప్పుడు కనపడ్లేదు. ప్రమాణం జెయ్యలేను."

ధనంజయ నా భుజం మీద చెయ్యేశాడు. "దేవుడి ముందర అబద్ధమాడలేదు. పెద్ద మనసన్నా నీది. ఇంతటితో ఇడిసిపెడదాం" అన్నాడు. అతను నిజంగా మంచితనంతోనే అన్నాడు. అతని కాలరు పట్టుకోవాలనిపించింది. నేను తప్పు ఒప్పుకోలేదప్పా అని అరవాలనిపించింది. ఏమని అరవను?

కిరణ్ నా ముఖంలోకి చూశాడు. వాడి గొంతులో కోపం లేదు.

"నాకోసరం అబద్ధం జెప్పినావా మామా?"

అబద్ధాలకోరునే అయితే, ఒక్క ముక్క ప్రమాణం చేసి వాడి భుజం మీద చెయ్యేసుకుని బయటికి వచ్చేవాణ్ణి. ఆ మాట వాడికి చెప్పబోయాను. అప్పటికే వాడు జనంలో కలిసి గుమ్మం దాటుతున్నాడు.