ఆధారం గడి

ఆ గదికి ‘విద్యార్థి సహాయ కేంద్రం’ అని బోర్డు తగిలించారు. కష్టాల్లో ఉన్నవాళ్లు మొహమాటపడకుండా రావచ్చట. తలుపు మాత్రం ఎప్పుడూ ఓరవాకిలిగా ఉంటుంది. లోపల ఎవరు ఏడుస్తున్నారో వరండాలో వాళ్లకి వినబడేంత సందు.

ఆ రెండో ఏడాది పిల్లని క్లాసులో అందరూ లాయరమ్మ అంటారు. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది కాబట్టి. నెల రోజులుగా ఆ తలుపు ముందు నుంచే వెళ్తోంది, ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. ఇప్పుడు చూడక తప్పలేదు. ఉంటున్నది అక్క ఇంట్లో. శనివారం కల్లా ఇల్లు వదిలి వెళ్లమన్నాడు బావ. నాన్న పోయాడు. అమ్మ వేరే ఊళ్లో మంచాన పడ్డ ఒక ముసలావిడకి సేవ చేస్తూ వాళ్లింట్లోనే పడుకుంటుంది. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. సహాయ కేంద్రం చేతిలో ఇలాంటి వాళ్లకోసం నాలుగు గదులున్నాయి. అందులో మంచం దొరక్కపోతే చదువు ఆగినట్టే.

“ఊరికే ఇస్తారటే పిచ్చిమొహమా?” అంది క్యాంటీన్లో గిన్నెలు తోమే పిన్ని. “ఫోటో తీసి గోడకి కొడతారు. మేం ఆదుకున్న అభాగ్యురాలు అని కింద రాస్తారు.”

“కొట్టనీ పిన్నీ. గోడ మీదైనా చోటు దొరుకుతుందిగా.”

నవ్వింది కానీ లోపల గుబులే. దరఖాస్తు నాలుగు పేజీలు. ఇంట్లో ఎంతమంది, ఎవరు సంపాదిస్తారు, ఎవరైనా చెయ్యి చేసుకుంటారా. ఇవన్నీ ఎవరు చదువుతారు? బావకి ఫోన్ చేస్తారా? ముందు పెన్సిల్‌తో రాసింది. తర్వాత దాని మీదే పెన్నుతో దిద్దింది. చివర ఒక గడి, ‘ఆధారం’ అని. అక్కడ చాలాసేపు ఆగింది. అక్క అని రాయబోయింది. అక్కే ఆధారమైతే ఈ కాగితం ఎందుకు? ‘లేదు’ అని రాసింది.

శుక్రవారం మధ్యాహ్నం దరఖాస్తు తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒకటే ముక్క: ఆధారం లేదు, తిరస్కరించడమైనది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

“నేను అబద్ధాలు రాశానంటారా?”

గుమాస్తా తలెత్తలేదు. “నేనేమీ అనలేదమ్మా. నువ్వే అన్నావు. ఇదిగో నీ చేతిరాత. కష్టాలున్నాయని నాలుగు పేజీలు నింపి, చివర్న ఆధారం లేదని నువ్వే ఒప్పుకున్నావు. నన్నేం చేయమంటావు?”

ఆమెకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

“నాకు దిక్కెవరూ లేరని రాశానండీ నేను!”

“అక్కడ అడిగింది రుజువు కాగితాన్ని. మనిషిని కాదు.”

“మా బావ పొమ్మన్నాడు. పొమ్మన్నట్టు రశీదు ఇవ్వలేదు. వెళ్లి అడిగి తెమ్మంటారా?”

గుమాస్తాకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సొరుగు లాగి ఒక కట్ట బయటికి తీశాడు. ఒక్కొక్కటీ చివరి పేజీ తిప్పుకుంటూ పోయాడు. లేదు. లేదు. ఎవరూ లేరు. దేవుడే. లేదు.

“వీళ్లంతా…” అన్నాడు. “పదకొండు మంది.”

“గదులు నాలుగూ ఖాళీగానే ఉన్నాయా?”

“అర్హులు దొరకలేదు కదా మరి.”

నిజంగా ఎవరూ లేనివాళ్లని ఏరి ఏరి బయటికి తోసిన గడి అది. ఎవరూ కుట్ర చేయలేదు. కుట్ర చేసి ఉంటే పట్టుకోవడం తేలికయ్యేది.

గుమాస్తా గొంతు తగ్గించాడు. “నీది మటుకు చూస్తాను. మీ అక్క చేత రెండు ముక్కలు రాయించు. ఐదింటికి మూసేస్తాను. బయట ఎవరితోనూ అనకు.”

ఎందుకు అనకూడదు? ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా వరండాలోకి వచ్చి అక్కకి ఫోన్ చేసింది.

“ఏమని రాయనే?” అక్క గుసగుసగా అంది. “నా చెల్లెల్ని నేనే వెళ్లగొడుతున్నానని రాయనా?”

“అలాగే రాయక్కా. నాకు మంచం కావాలి.”

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు, అక్క ఫోన్ పెట్టేసింది. పది నిమిషాలకి మెసేజ్ వచ్చింది. ‘నా చెల్లెలు రేపటి నుంచి మా ఇంట్లో ఉండడానికి వీల్లేదు. ఇది నా ఇష్టం కాదు.’

గుమాస్తా దాన్ని ప్రింటు తీశాడు. “రెండో ముక్క అక్కర్లేదు.”

“ఉండనివ్వండి.”

రిజిస్టరులో సంతకం పెట్టమంటే పైనుంచి కిందికి రెండుసార్లు చదివి పెట్టింది. తాళంచెవి తీసుకుంది. నమ్మకం లేక అప్పటికప్పుడే వెళ్లి తాళం తీసి చూసింది. తెరుచుకుంది. దుమ్ము కొట్టుకుపోయిన గది, రెండు మంచాలు. ఒకదాని మీద సంచీ పెట్టింది. రెండోదాన్ని కాసేపు చూసింది.

ఐదుకి పది నిమిషాలుందనగా మళ్లీ ఆ తలుపు తోసింది.

“మళ్లీ ఏంటి లాయరమ్మా?” ఆ పేరు వీడిదాకా ఎప్పుడొచ్చింది?

“నా గదిలో ఇంకో మంచం ఉంది. మిగతా మూడు గదుల్లోనూ ఉండే ఉంటాయి. ఆ కట్ట తీయండి. ఆధారమంటే కాగితమని వాళ్లకి ఫోన్లో చెప్పండి.”

“సోమవారం చూద్దాంలే.”

“సోమవారం దాకా వాళ్లెక్కడ పడుకుంటారు?” కుర్చీ లాక్కుని కూర్చుంది.

గుమాస్తా గడియారం చూశాడు, ఆమెని చూశాడు. పైనున్న దరఖాస్తు తీసి, నంబరు నొక్కి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“స్పీకర్లో పెట్టండి,” అంది.