కాలు విరిగిన నాలుగు

మా లోయలో పాత సైన్యపు తుపాకీ భాగాల్లో ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చాలంటే చివరి మాట నాదే. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయుధాల డిపోలో మరమ్మతులు చేసినవాణ్ణి. క్లా అని నా సంతకం ఉన్న కాగితాన్ని జూరిక్ వర్తకులు కూడా కిక్కురుమనకుండా ఒప్పుకుంటారు. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం, దాచడమెందుకు?

మంగళవారం పొద్దున లదీనా వచ్చింది. చనిపోయిన నా మిత్రుడు తుమాష్ కూతురు. చేతిలో వాళ్ళ నాన్న తుపాకీ.

"క్లా మామయ్యా, కాఫీ తర్వాత. ముందు దీని బోల్టు చూడండి."

"మూడేళ్ళుగా మొహం చూపించలేదు. వచ్చీ రాగానే పని పురమాయింపా?"

నవ్వలేదు. సంగతి చెప్పింది. సైన్యం ఇచ్చిన ఆ తుపాకీ సర్వీసు ముగిశాక తుమాష్‌కే మిగిలింది. ఆయన పోయాక ఆరేళ్ళు లదీనా ఇంట్లో ఉంది. అమ్ముదామని లదీనా అన్నయ్య ఆంద్రి పట్నంలో ఒక వర్తకుడికి చూపిస్తే, తూటాను లోపలికి తోసి బిగించే ఆ బోల్టు మీద కొట్టిన తుపాకీ నంబరు నకిలీదన్నాడట. లదీనా భర్త యాకెన్ తాళాల పనివాడు. ఇంట్లో ఇనుము మీద అంకెలు కొట్టే అచ్చులున్నాయి, సుత్తి ఉంది. అసలు బోల్టు అమ్ముకుని, ఎక్కడిదో తెచ్చి నంబరు కొట్టాడని ఆంద్రి తేల్చేశాడు. ఇంటి గుట్టని బయట ఎవరికీ చెప్పలేదు గానీ, అప్పట్నుంచీ అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. యాకెన్ మొన్న చలికాలంలో పోయాడు.

"మీరు రాసిస్తే అన్నయ్య నమ్ముతాడు. అసలుదో కాదో, ఏదో ఒకటి తేల్చండి."

"ఆ పట్నం వాడికి బోల్టుకీ తలుపు గడియకీ తేడా తెలుసా అసలు" అని గొణుక్కుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఫ్యాక్టరీలో ముందు నంబరు కొట్టి, ఆ తర్వాతే నునుపు పట్టేవారు. అందుకని అంకె అంచు గోటికి తగలదు. ఇది తగిలింది. వాడు చెప్పింది నిజమే. ఒళ్ళు మండింది. భూతద్దం తీశాను.

చివరి అంకె నాలుగు. దాని కాలి కొస లేదు.

డిపోలో ఆ నాలుగు అంకె అచ్చును కింద పడేసి కొస విరగ్గొట్టింది నేనే. దానికి చివాట్లు తిన్నదీ నేనే.

నలభై ఆరేళ్ళ కిందటి మాట. గడ్డికోతల వారం. శిక్షణకు వచ్చిన తుమాష్ వంతెన మీద కూర్చుని బోల్టు తుడుస్తూ ఇన్ నదిలో జారవిడిచాడు. బోల్టు పోగొట్టుకుంటే పది రోజులు కొట్లో వేసేవారు. ఇంట్లో భార్య నిండు చూలాలు, కొండ మీద కోయని గడ్డి. డిపో వెనక గుమ్మం దగ్గరికి వచ్చి ఏడ్చాడు. నంబరు లేని విడి బోల్టు ఒకటి తీసి, సరిగ్గా అమిరేదాకా ఆకురాయితో రాకి, నంబరు కొట్టి చేతిలో పెట్టాను. ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఇద్దరం ఎవరికీ చెప్పుకోలేదు.

అసలుదే అని రాసేద్దామా అనిపించింది. నా పేరూ నిలుస్తుంది, యాకెన్ పేరూ నిలుస్తుంది. కానీ గోరున్న ప్రతివాడికీ ఆ అంచు తగులుతుంది.

"లదీనా, ఈ నంబరు నకిలీదే."

ఆమె తల దించుకుంది.

"కొట్టింది నేను. నువ్వింకా పుట్టలేదు."

జరిగిందంతా చెప్పాను. కాగితం మీదా అదే రాసి సంతకం పెట్టాను.

"ఇది ఆంద్రికి చూపించు. నమ్మకపోతే నా దగ్గరికి పంపు, చెవి మెలేస్తాను. ఇకమీదట నా కాగితాలు నమ్ముతారో మానతారో, జనం ఇష్టం."

లదీనా కాగితం ముట్టుకోలేదు.

"ఆస్పత్రిలో చివరి రోజు కూడా యాకెన్ అన్నాడు మామయ్యా. నేను దాన్ని ముట్టుకోలేదు లదీనా అని."

"ఇప్పుడు మీ అన్నకి తెలుస్తుందిగా."

"అన్నయ్య సంగతి కాదు. సరేలే, పడుకో అన్నాను. నేనూ నమ్మలేదు."