మాల్యాద్రి పెట్టించిన మూడు కన్నాలు

నేను ఒక ఎయిర్ ఫిల్టర్ డబ్బాని. లారీ మాట వస్తే జనం ఇంజన్ అంటారు, టైర్లంటారు, అద్దం మీద రాయించుకున్న దేవుడి పేరు చూసి దండం పెడతారు. నా పేరు ఎత్తేవాడు ఉండడు. చివరికి ఒకరోజు ఎత్తారు లెండి. ఎత్తిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో నా రేకు ముడుచుకుపోతుంది.

నా పని మాత్రం తక్కువదేం కాదు. డీజిల్ మండాలంటే గాలి కావాలి. ఆ గాలి ముందు గొట్టంలోంచి నాలోకి వస్తుంది. నా కడుపులో మడతలు మడతలుగా ఉండే కాగితం ఫిల్టరు దుమ్మంతా పట్టేసుకుంటుంది. శుభ్రమైన గాలి వెనక గొట్టంలోంచి ఇంజన్లోకి పోతుంది. అంటే నేను కాపలావాణ్ణి. రేకు కోసి, వంచి, నల్లరంగు కొట్టి ఈ కాపలా కోసమే నన్ను పుట్టించారు.

మొదట నెల్లూరు కాంట్రాక్టరు ఒకాయన టిప్పరులో ఆరేళ్ళు ఉన్నాను. ఆయన నా మొహం ఒక్కసారీ చూడలేదు. చూడకపోవడమే మేలని తర్వాత తెలిసింది. ఆ టిప్పరును చీమకుర్తి దగ్గర మాల్యాద్రి కొన్నాడు. కొన్నరోజున బండిని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, నా మూతకు కూడా ఇంత బొట్టు పెట్టాడు. నేను పొంగిపోయాను. ఇన్నాళ్ళకు మనల్ని గుర్తించే మనిషి దొరికాడనుకున్నాను. నా పిచ్చిగానీ!

మాల్యాద్రి కంకర తోలేవాడు. రాళ్ళను పిండి చేసే క్రషర్ దగ్గర రోజంతా తెల్లటి దుమ్ము లేస్తుంటుంది. ఆ దుమ్ముకు నా కాగితం మూడురోజులకే పూడుకుపోయేది, బండి ఎత్తుల దగ్గర మూలిగేది. బండికి ఇంజన్ పని చేసింది పీరా సాయిబు. లోపలి పిస్టన్ రింగులతో సహా అన్నీ కొత్తవి వేసి, చంటిపిల్లను అప్పగించినట్టు అప్పగించాడు. ఆ చుట్టుపక్కల టిప్పర్ల వాళ్ళు ఇంజన్ మాట వస్తే పీరా పేరే చెప్పేవాళ్ళు. వరస ఏమీ లేకపోయినా మాల్యాద్రి ఆయన్ని మామా అనేవాడు.

"మామా, బండి ఊపిరి తిప్పుకోలేకపోతంది. డబ్బాకి కన్నాలు పెడితే గాలి బాగా లాగుద్దంట. ఫోన్లో చూశా," అన్నాడు ఒకరోజు.

"గాలి కావాలంటే ఫిల్టరు దులుపుకో అల్లుడూ. దులిపినా కాకపోతే కొత్తది ఏసుకో. డబ్బా జోలికి మాత్రం పోబాక," అన్నాడు పీరా.

మనిషికి వద్దన్న పని మీదే మనసు. మర్నాడే వెల్డింగు షాపులో నన్ను విప్పించాడు. ఫోనులో వాడెవడో కన్నాలు పెట్టింది కాగితానికి ముందువైపు. ఎక్కణ్ణించి వచ్చినా గాలి కాగితం దాటే లోపలికి పోవాలి గదా! నా ముందువైపు మందపాటి పట్టీ ఒకటి అడ్డం ఉంది. అందుకని మాల్యాద్రి, చెయ్యి సులువుగా తిరిగే వెనకవైపు చూపించి, "ఈడ కొట్టన్నా" అన్నాడు. కాగితం దాటిన తర్వాత, నేరుగా ఇంజన్లోకి దారి! టీ గ్లాసు మూతి అంత కన్నాలు మూడు. దుమ్ము పోకుండా వాటికి ఏం అడ్డం పెట్టాడంటారు? ఇంట్లో కిటికీకి కొట్టగా మిగిలిన దోమల మెష్. అది అతికించి, చేతులు దులుపుకుని, తన తెలివికి తనే మురిసిపోయాడు.

నిజం చెప్పొద్దూ, మొదటి నెల నేనూ మురిశాను. బండి ఎత్తులు ఎగిరి ఎక్కింది. నాలోంచి హోరుమని శబ్దం వచ్చేది. పక్క లారీల వాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. కాపలా మానేసి దొంగలకు తలుపు తీసి పట్టుకున్నవాణ్ణి, ఆ హోరు నా గొప్పే అనుకున్నాను. చెప్పుకోవడానికి నోరు రావడం లేదు.

మూడో నెలకు పొగగొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది. మాల్యాద్రి ఒక మధ్యాహ్నం క్రషర్ వెనక బండి ఆపి, నా మూత తీసి, కాగితం బయటికి లాగాడు. కాగితానికి వెనకవైపు, శుభ్రంగా ఉండాల్సిన చోట, వేలెడు మందాన తెల్లటి దుమ్ము. అతను దాన్ని వేలితో గీకాడు. నా బొట్టు వైపు చూశాడు. తప్పు ఎవరిదో ఆ క్షణాన మా ఇద్దరికీ తెలుసు.

అప్పుడైనా చెప్పొచ్చు గదా! అబ్బే. పాత సామాన్ల కొట్లో నాలాంటి డబ్బానే ఇంకోటి తెచ్చి, కడిగి, కొత్త కాగితం వేసి బండికి బిగించాడు. నన్ను గోనెసంచిలో చుట్టి ఇంటి వెనక పడేశాడు. బండి తీసుకుని పీరా దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత జరిగింది, సాయంత్రం మాల్యాద్రి పెరట్లో కూర్చుని భార్య అంకమ్మకు చెబుతుంటే విన్నాను. ఇంజన్ విప్పగానే లోపలి గీతలు చూసి పీరా అడిగాడట, "దుమ్ము తిన్నట్టుంది, గాలి డబ్బా ఏదీ?" అని. మాల్యాద్రి చూపించాడు. పీరా వేలు పెట్టి తుడిచి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. ఇక తను రింగులు వేసిన తీరులోనే తప్పుందనుకున్నాడు. కూలి ఒక్క పైసా తీసుకోకుండా మళ్ళీ చేసిచ్చాడు.

అంతటితో ఆగినా బాగుండేది. లారీ స్టాండులో టీ దగ్గర ఎవరో అడిగితే, "పీరా మామ నకిలీ రింగులు ఏశాడో, సరిగ్గా ఎయ్యలేదో" అనేశాడు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. పీరా షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. ఇదీ ఆ పెరటి మాటల్లోనే విన్నాను.

అంకమ్మకు నా కథ తెలియదు. మంచి డబ్బా వృథాగా పడి ఉందని గడ్డి వేసి, పొదిగే కోడిని నాలో కూర్చోబెట్టింది. నాలుగు నెలలు, ఒక కోడి లేస్తే ఇంకో కోడి కింద, తలదాచుకున్నాను. నోరు లేదని సరిపెట్టుకుందామంటే మూడు కన్నాలున్నాయి ఒంటికి, ఒక్క మాటకూ పనికిరానివి.

ఒక ఆదివారం పొద్దున పీరా సాయిబు వచ్చాడు. చేతిలో పానాల సంచి. నిజం తెలిసి నిలదీయడానికి వచ్చాడనుకుని మాల్యాద్రి మొహం పాలిపోయింది.

"కూర్చో బాబాయ్, టీ పెడతా," అంది అంకమ్మ.

"వొద్దమ్మా." పీరా సంచిని పెరటి వైపు అరుగు మీద పెట్టాడు. "అల్లుడూ, నీకు నష్టం చేశా. ముప్పయ్యేళ్ళు బిగించిన చెయ్యి, యాడ తప్పిందో ఎంత ఆలోచించినా తెలీలా. ఇంక ఇంజన్ పని ముట్టుకోను. గ్రీజు కొట్టుకుంటా బతుకుతా. ఈ పానాలు నీకాడ ఉంటే బండికి పనికొస్తయ్. ఉంచుకో."

అన్యాయం చేసినవాడికి అన్యాయమైపోయినవాడు క్షమాపణ చెప్పుకుంటున్నాడు. ఇనుప రేకునై ఉండి నేనే తట్టుకోలేకపోయాను. మాల్యాద్రి లేచి పెరట్లోకి వచ్చాడు. కోడిని తోసేశాడు. అది గోల చేస్తూ ఎగిరిపోయింది, ఒక గుడ్డు జారి పగిలింది. "ఏందయ్యా, పొదుగుడు కోడిని!" అని అంకమ్మ అరుస్తూనే ఉంది. నన్ను తెచ్చి పీరా కాళ్ళ ముందు పెట్టాడు.

"నీ చెయ్యి కాదు మామా. ఇదిగో, నేను చేసింది ఇది."

పీరా నన్ను తిరగేశాడు. కన్నాలు చూశాడు. మూలల్లో ఇంకా గట్టిపడి ఉన్న దుమ్మును గోటితో గీకాడు.

"దోమల మెష్షా?" అన్నాడు. "దీంతో దోమ ఆగుద్ది అల్లుడూ, దుమ్మెట్టా ఆగుద్ది?" గోరు తుడుచుకుని, "నేను అడిగా గదరా ఆరోజు, డబ్బా చూపించమని," అన్నాడు.

"సిగ్గేసింది మామా."

నాకు కన్నాలు పెట్టించినప్పుడు రాని సిగ్గు, నన్ను దాచినప్పుడు రాని సిగ్గు, నిజం చెప్పాల్సిన చోటికి మాత్రం తప్పకుండా వస్తుంది ఈ మనుషులకి. పీరా తిట్టలేదు. తన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "చెయ్యి బాగానే ఉంది," అన్నాడు, ఎవరితోనూ కాదు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి దిగాయి. అంకమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నమే మాల్యాద్రి నన్ను భుజాన పెట్టుకుని స్టాండుకు పోయాడు. టీ బల్ల మీద అందరి మధ్యా దించి, జరిగింది దాచకుండా చెప్పాడు. కొందరు నవ్వారు. నకిలీ రింగుల మాట నలుగురికి మోసినవాళ్ళు మాత్రం గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. పీరా నన్ను తీసుకుపోయి తన షెడ్డు గోడకు, పని చేసే బల్లకు ఎదురుగా, మేకుకు తగిలించాడు.

బండ్లన్నీ మళ్ళీ వస్తున్నాయి. పీరా మళ్ళీ ఇంజన్లు చేస్తున్నాడు. కానీ రింగులు వేసి, అంతా బిగించి, చేతులు తుడుచుకుని రెండడుగులు వేస్తాడు. ఆగుతాడు. వెనక్కి వచ్చి, సరిగ్గా బిగించినదాన్నే విప్పి మళ్ళీ చూసుకుంటాడు. ఇదివరకు ఇలా చేసేవాడు కాదని పాత డ్రైవర్లు అనుకుంటుంటే విన్నాను. అతను విప్పుతున్నంతసేపూ, మాల్యాద్రి అక్కడుంటే తల దించుకుని నేల చూస్తాడు. నాకు ఆ వీలు కూడా లేదు. మేకుకు వేలాడుతూ ఎదురుగా చూస్తూనే ఉన్నాను.