మొదటి డొప్ప

గురుబారి వెనకగదిలో ఉన్న కుండకు ఈ ఉదయం తల నెరిసింది. ఆమె దువ్వెన తెచ్చి, ఆ తెల్ల వెంట్రుకల చిక్కు తీసి ముడి వేస్తుంది. లోపల రాగిపిండితో పులియబెట్టిన చోడి కల్లు నెమ్మదిగా ఊపిరి పీలుస్తోంది.

ఈ కల్లు చిన్నకొడుకు సోమ్రా పెళ్లికి. పెద్దవాడి పెళ్లిలో తొందరపడి పచ్చికల్లు పోసింది గురుబారి. వియ్యాలవారు ఉమ్మేసి, ఆ పూటే పిల్లను వెనక్కి తీసుకుపోయారు. ఆ మంట ఇంకా ఆరలేదు. అందుకే ఈసారి కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి, ఎవరెంత బతిమాలినా విప్పలేదు. నిదానమే ప్రధానమంది. మరీ ఇంత నిదానమా తల్లీ అని అడిగే నాథుడు లేకపోయాడు.

పెళ్లివారు వచ్చి వరుసగా కూర్చున్నారు. ఆ ఊళ్లో మొదటి డొప్పెడు కల్లు అందరికన్నా పెద్దవాళ్లు తాగి బాగుందనాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టరు, పెళ్లి పెళ్లి కాదు. గురుబారి కుండను తెచ్చి మామ లచ్చన్న ముందు పెడుతుంది.

ముసలాయన కుండను కిందామీదా చూసి, చాప మీంచి లేచి, దానికి దండం పెడతాడు.

"ఇది నాకంటే పెద్దదైపోనాదే కోడలా. మొదటి డొప్ప దీనికే."

"దీని కల్లు దీనికే పొయ్యలేం కదా, మరి డొప్పలో ఏటి పొయ్యాలి మావా?"

"దీని తరవాత ముదిరినోడ్ని నేనే కదా."

లచ్చన్న తలగుడ్డ విప్పి మడతపెట్టి, ఆమె చేతిలోని ఆకుడొప్పలోకి ముందు కాళ్లు పెట్టి, మెల్లగా ఒదిగిపోతాడు. డొప్ప నిండి నురగ కడుతుంది. గురుబారికి భయం వేస్తుంది. కానీ వియ్యపురాలు అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. మామ ఖాళీ చేసిన చాప మీద కూర్చున్న కుండకు ఆమె డొప్ప అందిస్తుంది.

కుండ తాగి మూతి తుడుచుకుంటుంది.

"పచ్చిగున్నాది. ఇంకా ఊరాలి."

ఎవరూ నొచ్చుకోరు. పెద్దల నుంచి పిన్నల దాకా ఒక్కొక్కరే తలగుడ్డలూ కొంగులూ తీసి తమ మూతులకు వాసెన కట్టుకుంటారు. గుడ్డల వెనక బుడగలు లేస్తున్నాయి. వరుస చివర సోమ్రా దగ్గర గుడ్డ లేదు.

"అమ్మా, నాకూ కట్టు."

గురుబారి కొంగు చింపుతుంది. కట్టేముందు కొడుకు మొహం ఒక్కసారి కళ్లారా చూసుకుంటుంది.

కుండ ఖాళీ డొప్పను ఇటు చాచి, కుర్రాడు ఎప్పటికి ముదురుతాడని అడుగుతుంది.

చానా కాలం పడుతుందని చెబుతుంది గురుబారి. చెబుతూనే రెండు చేతులూ కొడుకు తల మీద కప్పి, వేళ్ల సందుల్లోంచి పైకి వస్తున్న తెల్ల వెంట్రుకలను లోపలికి నొక్కుతూ ఉంటుంది.