అమ్మ ఒళ్లో యాంటెన్నా

పొద్దున్నే దర్జీ మిషనుకి నూనె వేసేవాడు. అతని భార్య తడిబట్టలు తెచ్చి అత్తగారి ఒళ్లో ఆరేసేది. అత్తగారు ఇంట్లో ఎక్కడ కూర్చుంటే అక్కడ కప్పు అడ్డొచ్చేది కాదు. ఎండ ఆవిడ మీద కాసేది, వాన ఆవిడ మీద కురిసేది. అందుకే కుర్చీ పక్కన ఎప్పుడూ ఒక గొడుగు, కింద ఒక బకెట్టు.

"దండెం కొనుక్కోవే తల్లీ, అత్తెందుకు?"

"దండెం కబుర్లు చెప్పదు కదత్తా!"

కోడలికి గుండె బలహీనం. మీట నొక్కితే అంబులెన్సు వచ్చే పెట్టె ఒకటి ఆస్పత్రివాళ్ళు ఇచ్చారు. ఆ పెట్టెకి తానెక్కడుందో తెలియాలంటే ఆకాశంలోని ఉపగ్రహాలు అందాలి. దానికే తీగ చివర అగ్గిపెట్టెంత జీపీఎస్ యాంటెన్నా. దర్జీ దాన్ని కిటికీలో పెట్టాడు. తప్పు అక్కడే జరిగింది. ఎదురుగా అద్దాల మేడ. సంకేతం అద్దాలకి తగిలి తిరిగొచ్చేసరికి, ఇల్లు పక్కవీధిలో ఉందనుకుంది పెట్టె. మొన్న నొప్పి వచ్చినప్పుడు బండి పక్కవీధి తలుపులన్నీ కొట్టి వచ్చింది.

"ఇంకోసారి ఇంత ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు," అంది డాక్టరమ్మ.

మెకానిక్ వచ్చి యాంటెన్నాని బీరువా మీద, అటక మీద, గుమ్మం దగ్గర పెట్టి చూశాడు. పెట్టిన ప్రతిచోటా పెట్టె తెర మీద సంకేతం గీతలు లేస్తాయేమోనని ఓపిగ్గా కూర్చున్నాడు. లేవలేదు.

"మన మేడ పైకి తీగ లాగితే?" అన్నాడు దర్జీ.

"అంత పొడుగు తీగలో సంకేతం దారిలోనే చస్తుంది."

విసిగిపోయి, చెమట తుడుచుకుందామని యాంటెన్నాని ముసలావిడ ఒళ్లో పెట్టాడు. గీతలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"ఇదే చోటు పెద్దమ్మా. మీట నొక్కాక బండి వచ్చేదాకా కదలకండి. గొడుగు కూడా వేసుకోవద్దు, ఇనుప ఊచలు అడ్డొస్తాయి."

"వానొస్తేనో?" అన్నాడు దర్జీ.

"కరిగిపోడానికి నేనేమన్నా ఉప్పుబస్తానా?" అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం కుండపోత. కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళిన దర్జీ మోకాలిలోతు నీళ్ళలో ఇంటికి వచ్చేసరికి బండి సరిగ్గా తన గుమ్మం ముందే ఉంది. భార్యని ఎక్కిస్తున్నారు. ఊపిరి ఆడుతోంది.

"దారంతా నీళ్ళు, చాలా ఆలస్యమైంది. అయినా వీధి తప్పలేదు," అన్నాడు డ్రైవరు.

లోపల అమ్మ కుర్చీలోనే ఉంది. ముడిచిన గొడుగు కాళ్ళ దగ్గర పడి ఉంది. కోడిపిల్లని పట్టుకున్నట్టు యాంటెన్నాని రెండు చేతుల్లో పట్టుకుంది. బకెట్టు నిండి పొర్లుతోంది. బయట వాన కురుస్తూనే ఉంది. అమ్మ మీద కురవడం మానేసింది.

"అమ్మా," అన్నాడు. చేతులు చల్లగా తగిలాయి.

భార్య కోలుకుని ఇంటికొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది, బట్టలు ఆరడం లేదు. మళ్ళీ ముసురు పట్టిన రోజు దర్జీ మిషను తొక్కుతున్నాడు. సూది కింది గుడ్డ మీద ఒక చుక్క పడింది. మెడ మీద ఇంకోటి. తలెత్తి చూస్తే కప్పులో చిల్లేమీ లేదు.

భార్య మూలనున్న గొడుగు తెచ్చింది.

"తడుస్తారండీ."

"తెరవకు," అన్నాడు దర్జీ. మిషను ఆపి, ఒళ్లోని గుడ్డ పక్కన పెట్టాడు. "ముందు ఆ యాంటెన్నా ఇలా ఇవ్వు."