పై గడిలో పేరు

ఎర్రపెన్ను మూత తీసి, చిత్తుకాగితం మీద రెండు గీతలు గీసి చూసుకున్నాడు. సిరా ముద్ద కడుతోందో లేదో రోజూ పొద్దున్నే తేల్చుకోవాలి. తరువాత మెత్తటి గుడ్డతో జనన రిజిస్టర్ల అట్టలు తుడిచాడు. ముప్ఫై అయిదేళ్లుగా ఇదే వరస. రికార్డు గదిలో అందరూ అతన్ని ఎర్రపెన్ను బాబాయి అంటారు. ఆ పిలుపు అతనికి ఇష్టమే, పైకి మాత్రం విసుక్కుంటాడు.

పేరు మార్చుకునేవాళ్లు, పుట్టిన తేదీ దిద్దించుకునేవాళ్లు, తాతముత్తాతల కూపీ లాగేవాళ్లు, అందరూ అతని బల్ల దగ్గరికి రావలసిందే. తప్పును చెరపకూడదు, గీకకూడదు. కింద అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, అంచులో కారణమూ తేదీ వేసి సంతకం చెయ్యాలి. ఇంట్లోనూ అంతే. కూరగాయల చీటీలో తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెడతాడు. దానికి నవ్వి నవ్వి భార్య అలిసిపోయి చాలా ఏళ్లయింది.

ఆ శుక్రవారం పదకొండింటికి లెక్కల టీచరు ఒకామె వచ్చింది. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. తండ్రి పోయాక ఆయన పెట్టెలో కాగితాలు సర్దుతూ కుటుంబ చరిత్ర రాయడం మొదలుపెట్టిందట. బల్ల మీద పరిచిన చార్టులో ముత్తాతల దాకా పేర్లున్నాయి.

"నా పుట్టుక పేజీ ఒకసారి చూపిస్తారా సార్? నాకో కవల అక్క ఉండేదట. మొన్న ఈ ఆస్పత్రి చీటీ దొరికేదాకా నాకే తెలీదు."

చీటీలో రెండే ముక్కలు. మొదటి శిశువు నాలుగో రోజున మరణం. రెండవ శిశువును తల్లితో ఇంటికి పంపడమైనది.

అతను రిజిస్టరు తెరిచాడు. ఒకదాని కింద ఒకటి రెండు వరుసలు, పైది మొదటి శిశువుది, కిందిది రెండవ శిశువుది. పుట్టగానే పేరు గడి ఖాళీగా వదిలి మిగతావన్నీ రాసేస్తారు. ఎప్పుడో తండ్రి వచ్చి చెబితే అది నింపుతారు. కింది వరుసలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. టీచరు పేరు పై వరుసలో ఉంది.

రాత తనదే. పేరు రాసేముందు మరణాల రిజిస్టరు చూడాలన్నది ఈ ఉద్యోగంలో మొదటి పాఠం. అప్పుడతను కొత్త. ఎవరో తండ్రి ఎదురుగా నిలబడి ఉంటే, ముందు కనబడిన ఖాళీలో రాసేశాడు. ఆ మనిషి ముఖం కూడా గుర్తు లేదు.

"అయితే మీ పుస్తకం ప్రకారం పోయింది నేనన్నమాట," అని ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"తప్పు నాదమ్మా." అతను ఎర్రపెన్ను చేతిలోకి తీసుకున్నాడు. "అయిదు నిమిషాల పని. పైన కొట్టేసి కింద రాస్తాను."

ఆమె చటుక్కున పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు కొట్టేస్తే అక్కకి ఏం మిగుల్తుంది సార్?"

ఎన్ని వేల పేర్లు దిద్దాడో లెక్కలేదు. కొట్టేసిన తరువాత ఏం మిగిలిందని ఎవరూ అడగలేదు. తనకూ తోచలేదు. సిగ్గేసింది.

"అమ్మ ఇన్నేళ్లూ దాని ఊసే ఎత్తలేదు. ఇప్పుడు మంచంలో ఉంది. మీరు పొరబడబట్టి దానికి ఇన్నాళ్లూ ఓ పేరైనా ఉంది."

"పోయిన బిడ్డకి ఇప్పుడు పేరేంటి బాబాయ్? ఊరుకుందురూ!" అన్నాడు పక్క బల్ల గుమాస్తా.

బాబాయి ఊరుకోలేదు. భోజనం మానేసి నిబంధనల పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివాడు. పేరు రాయడానికి తల్లిగాని తండ్రిగాని అడగాలని రాసి ఉంది. బిడ్డ బతికి ఉండాలని ఎక్కడా లేదు. మూడింటికి తల ఎత్తేసరికి టీచరు ఇంకా బెంచీ మీదే ఉంది.

"ఆ బిడ్డని ఏమని పిలుచుకున్నారో మీ అమ్మగారిని అడగమ్మా. సోమవారం రా. ముందు అక్క పేరు రాద్దాం, తరువాత నీది."

"అమ్మ చెప్పకపోతే?"

"చెబుతారు," అన్నాడు గాని, ఆ నమ్మకం అతనికే లేదు.

సాయంత్రం ఇంట్లో చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు. "ముప్ఫై నాలుగేళ్లు ఓ పిల్లని చచ్చినదాని కింద జమకట్టానే," అన్నాడు.

"అయితే దిద్దండి. దిద్దడం మీకు కొత్తా ఏంటి?" అంది భార్య.

"ఇది అలా పోయేది కాదే," అన్నాడు. శనివారమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. నాలుగింటికి భార్య లేపితే లేవలేదు.

సోమవారం పది కొట్టకముందే టీచరు వచ్చింది. పక్క బల్ల గుమాస్తా లేచి నిలబడి సంగతి చెప్పాడు. ఆమె బెంచీ మీద కూర్చుంది. ఏడుస్తూనే, "అమ్మ చెప్పిందండీ," అంది. "అడగ్గానే చెప్పింది. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదంది."

గుమాస్తా బాబాయి సొరుగు లాగాడు. పైనే ఒక దరఖాస్తు ఫారం ఉంది. తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, మొదటి శిశువు, అన్నీ బాబాయి గుండ్రటి రాతలో నింపి ఉన్నాయి. ఆలస్యానికి కారణం అన్నచోట 'నా పొరపాటు' అని రాసి, సోమవారం తేదీ వేసి, సంతకం కూడా చేసి, పేరు గడి ఒక్కటి మాత్రం ముట్టుకోకుండా వదిలాడు.