తెర వెనక కస్లాన్

జావాలో లుద్రుక్ అనే నాటకాలాడే మా మేళంలో పాటలు కట్టేదీ, పాడేదీ, నవ్వించేదీ సర్పినే. మీసం రాని రోజుల్లో ఆడవేషాలు కట్టేవాడు, గొంతు బొంగురుపోయాక హాస్యగాడయ్యాడు. పోలీసుల మీద, పెళ్లివారి మీద, చివరికి మద్దెల కొట్టే నా బట్టతల మీద కూడా పాట కట్టి వదిలాడు, వాడి నోరు పడ! మొజోకెర్తో ఊరి చుట్టుపక్కల మేము ఎక్కడ ఆడినా, మర్నాడు సంతలో ఆ పాటలే వినిపించేవి. అన్నిట్లోకీ జనం పడిచచ్చేది కస్లాన్ చావు పాటకి.

కస్లాన్ వాడి జోడీ. సర్పిన్ ముందు ఒక్కడే వచ్చి, ఏడుపు మొహం పెట్టి ఎత్తుకుంటాడు:

కొబ్బరి చెట్టున కాకి కూసింది,
కస్లాన్ గుమ్మాన పాడె లేచింది,
ఊరంతా వచ్చి ఉసూరుమంది,
పెళ్లాం పొయ్యి మీద టెంపే వేసింది!

నేను మద్దెల మీద గట్టిగా ఒక్కటిస్తాను. కస్లాన్ తెర వెనక నుంచి నల్లటోపీ పెట్టుకున్న తల బయటపెట్టి, "నాకు పెట్టకుండానేనా?" అంటాడు.

"బతికే ఉన్నావా? ఇంతసేపూ ఎక్కడ చచ్చావురా?"

"నువ్వు ఏడుస్తావో లేదో చూద్దామని దాక్కున్నా."

"నీకోసం ఏడవడానికి నాకేం పనిలేదా!"

కస్లాన్ మూతి ముడుచుకుని మళ్లీ తెర వెనక్కి పోతాడు. వాడి నడకకి తగ్గట్టు నేను మూడు మెత్తని దెబ్బలు వేస్తాను. ఆ మూడు దెబ్బలకే జనం కడుపులు పట్టుకునేవారు.

ఒక పెళ్లిలో సర్పిన్ పాడాడు, నేను కొట్టాను, తల బయటికి రాలేదు. ఆలస్యం చేస్తే నవ్వు పెరుగుతుందని కస్లాన్ అప్పుడప్పుడూ అలా ఆటపట్టించేవాడు. సర్పిన్ మళ్లీ పాడాడు. జనం ఘొల్లున నవ్వారు. "వేషాలు చాల్లే, రారా బయటికి!" అని మూడోసారి పాడాడు. పిల్లలు నేలమీద పడి దొర్లారు. నాకు ఒళ్లు మండి, లేచి తెర ఎత్తి చూశాను. కస్లాన్ మేళంలో మోగించే పెద్ద కంచు గంటకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన కాఫీ గ్లాసు సగం అలాగే ఉంది. ఒంట్లో ప్రాణం లేదు. బయట నవ్వు ఇంకా ఆగలేదు.

ఆ తరవాత సర్పిన్ మళ్లీ పాట పాడలేదు. "నా నోటితోనే చంపాను. రోజూ చచ్చాడు చచ్చాడని పాడితే ఏమవుతుంది?" అనేవాడు. గుండెజబ్బు అని ఎంత చెప్పినా వింటేనా! ఇంట్లో గుమ్మాలకున్న తెరలన్నీ పీకేశాడు. ఏ తెర చూసినా దాని వెనక కస్లాన్ నిలబడి, పిలుపు కోసం కాచుకుని ఉన్నట్టే ఉంటుందట. బజారులో బట్టల కొట్టు ముందు నుంచి కూడా నడిచేవాడు కాదు. నవ్వించడమే బతుకైన మనిషి అలా అయిపోతుంటే నేను చూడలేకపోయేవాణ్ణి.

కస్లాన్ పోయి వెయ్యో రోజు వస్తోందనగా వాడి భార్య తుమీరా వచ్చింది. చనిపోయినవాళ్లకి వెయ్యో రోజున మేము పెట్టేదే ఆఖరి విందు. ఆ తరవాత వాళ్లని ఇక ఇక్కడికి పిలవం.

"మేళం పెట్టిస్తున్నాను. నువ్వు ఆ పాట పాడాలి" అంది సర్పిన్‌తో.

"నీకేమన్నా పిచ్చా వదినా? అది పాడే కదా వాణ్ణి..."

"పాడకపోతే ఆయన ఆ తెర వెనకే ఉండిపోతాడు. నీ పిలుపు వినకుండా ఎప్పుడైనా కదిలాడా?"

సర్పిన్ లేచి వెళ్లబోయాడు. నేనే విసుక్కున్నాను. "వస్తాడు వదినా. రాకపోతే మెడబట్టి నేను లాక్కొస్తా."

ఆ రోజు పొద్దు వాలకముందే వాకిట్లో తెర కట్టాం. ఆ కంచు గంట ఎదుట కస్లాన్ కోసం పూలూ, నల్ల కాఫీ పెట్టాం. సర్పిన్ వచ్చి నిలబడ్డాడు. పాట నాలుగు పాదాలూ పాడాడు. నా చెయ్యి లేవనంది. తిట్టుకుని కొట్టాను.

తెర పక్కనుంచి కస్లాన్ నల్లటోపీ బయటికొచ్చింది. కింద తుమీరా మొహం.

"నాకు పెట్టకుండానేనా?"

జనం ఒక్కసారిగా పగలబడి నవ్వారు. సర్పిన్ ఆమెను చూడటం లేదు, ఆమె వెనక తెరను చూస్తున్నాడు.

"ఇంతసేపూ... ఎక్కడ చచ్చావురా?"

"నువ్వు ఏడుస్తావో లేదో చూద్దామని దాక్కున్నా."

తరవాతి మాట అందరికీ కంఠతా వచ్చు. అందరూ దానికోసం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. సర్పిన్ పెదాలు కదిలాయి గాని ఆ మాట రాలేదు. కళ్లనుంచి నీళ్లు గడ్డం మీదకి కారుతున్నాయి. ముందు వరసలో ఎవరో నవ్వి, ఆపేశారు.

"ఏడుస్తున్నానురా," అన్నాడు తెరతో. "చూశావుగా. ఇక వెళ్లు."

తుమీరా టోపీ తీసి గుండెకి హత్తుకుంది. ఆ పెళ్లినాడు కస్లాన్ నడకకి బాకీ పడిపోయిన మూడు మెత్తని దెబ్బలు నేను అప్పుడు వేశాను.